ఇంజన్ హీటెక్కుతోందా? ఏ రిపేరు చేయించాలి, దేన్ని వద్దనాలి

ఎండాకాలం వచ్చిందంటే మెకానిక్ షెడ్ల ముందు బానెట్ ఎత్తి నిలబెట్టిన కార్లు పెరుగుతాయి. వాటిలో చాలావాటికి మొదట వచ్చిన తేడా చిన్నదే. హోస్ పైపు పగులో, రేడియేటర్ క్యాప్ రబ్బరు గట్టిపడటమో, ఫ్యాన్‌కు కరెంటు పంపే రిలే పోవడమో అయివుంటుంది. దాన్ని అలాగే నడిపేయడం వల్ల, లేదా అసలు తేడా ఏమిటో చూడకుండా తోచిన పార్టల్లా మార్చుకుంటూ పోవడం వల్ల అది చివరికి హెడ్డు (ఇంజన్ పైభాగం) దించే పనిగా మారుతుంది. ఈ రెండోది మరీ బాధాకరం. డబ్బు ఖర్చు పెట్టిన తర్వాత కూడా బండి హీటెక్కుతూనే ఉంటుంది.

అందుకని ఏ తేడా ఎలా బయటపడుతుందో, ఒక్కో దగ్గర మన ముందుండే దారులు ఏమిటో, వాటిలో దేన్ని పట్టుకోవాలో చెబుతాను. ఆల్టో, వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, ఐ10 లాంటి చిన్న కార్లు, అందులోనూ ఐదారేళ్లు దాటినవి నా మనసులో ఉన్నాయి. డీజిల్ బళ్లకు కూడా చాలావరకు ఇదే వర్తిస్తుంది.

సూది పైకి పోతే: ఆపాలా, మెల్లగా లాక్కెళ్లాలా?

"ఇంకో ఐదు కిలోమీటర్లే కదా, షెడ్డుదాకా మెల్లగా పోదాం" అనిపిస్తుంది. మీటర్లో ఇంజన్ వేడి చూపే సూది హెచ్ గుర్తును తాకినా, ఎర్ర దీపం వెలిగినా ఆ ఐదు కిలోమీటర్లు వెళ్లొద్దు. ఇప్పటి కార్లలో సిలిండర్ హెడ్ అల్యూమినియంతో చేసింది. అది హద్దు దాటి వేడెక్కితే వంగుతుంది. చాలా చిన్న ఇంజన్లకు కంపెనీ ఒప్పుకునే వంపు 0.05 మిల్లీమీటర్ల దగ్గర్లోనే ఉంటుంది. తల వెంట్రుక మందం కూడా కాదది. అంతకు మించి వంగిందంటే హెడ్డుకు, కింద సిలిండర్లుండే బ్లాక్‌కు మధ్య సీలులా ఉండే హెడ్ గాస్కెట్ పట్టు వదిలేస్తుంది.

సూది మామూలు చోటు కంటే కొంచెమే పైకి జరిగితే మాత్రం ఒక అవకాశం ఉంది. ఏసీ ఆపేసి, హీటర్‌ను పూర్తి వేడిలో, బ్లోయర్‌ను పూర్తి స్పీడులో పెట్టండి. హీటర్‌లోనూ ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంటే తిరుగుతుంది కాబట్టి కొంత వేడి క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది. మే నెలలో అది నరకంలా ఉంటుంది, నిజమే. కానీ ట్రాఫిక్ దాటి నీడ చూసుకుని ఆపేంత సమయం దొరుకుతుంది. ఒకటి మర్చిపోకండి: హీటర్ పెట్టినా చల్లగాలే వస్తోందంటే కూలెంట్ బాగా తగ్గిపోయిందని అర్థం. అప్పుడు వెంటనే ఇంజన్ ఆపాలి.

సూది ఉన్నట్టుండి కిందికి పడిపోయినా సంతోషించకండి. సెన్సర్ చుట్టూ నీళ్లు లేకపోతే అది సరైన వేడి చూపించదు. కూలెంట్ మొత్తం కారిపోయిన బండి మీటర్లో చల్లగానే కనిపించవచ్చు. ఇప్పటి చాలా చిన్న కార్లకు అసలు సూదే లేదు. చల్లగా ఉన్నప్పుడు నీలం దీపం, మితిమీరితే ఎర్ర దీపం, అంతే. ఎర్ర దీపం వెలిగేసరికే ఆలస్యమై ఉంటుంది కాబట్టి ఆ కార్లవాళ్లు కూలెంట్ బాటిల్ మీద కన్ను వేసి ఉంచక తప్పదు.

ఆపాక రేడియేటర్ క్యాప్ తీయొద్దు. ఆ క్యాప్ లోపల దాదాపు ఒక బార్ అదనపు ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. దానివల్లే కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగదు. క్యాప్ తిప్పిన క్షణంలో ఒత్తిడి పోయి మొత్తం ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. కనీసం అరగంట ఆగి, రేడియేటర్ పై పైపును చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడ్డాక, మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి. వేడి ఇంజన్‌లో చల్లటి నీళ్లు పోస్తే హెడ్డు పగిలే ప్రమాదం ఉంది. చేతులు కూడా ఫ్యాన్‌కు దూరంగా ఉంచండి. కొన్ని బళ్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది.

ఎప్పుడు హీటెక్కుతోందో చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే

షెడ్డుకెళ్లి "బండి హీటవుతోంది" అని ఊరుకోకుండా, ఎలాంటప్పుడు హీటవుతోందో చెప్పండి. ఎక్కడ వెతకాలో అది చెప్పేస్తుంది.

ట్రాఫిక్‌లో హీటెక్కి, హైవే ఎక్కగానే చల్లబడుతోందా? అయితే ముందు ఫ్యాన్‌ను అనుమానించాలి. 80 కిలోమీటర్ల వేగంలో గాలి దానంతటదే రేడియేటర్‌లోంచి దూసుకుపోతుంది, ఫ్యాన్ అవసరం పెద్దగా ఉండదు. ఆగిన బండికి మాత్రం ఫ్యానే దిక్కు. బండి స్టార్ట్ చేసి ఏసీ వేసి చూడండి. చాలా కార్లలో ఏసీ వేసిన కొద్దిసేపటికే ఫ్యాన్ తిరగాలి. ఏసీతో తిరిగి, ఇంజన్ వేడికి మాత్రం తిరగకపోతే మోటార్ బాగానే ఉంది, సెన్సరో వైరింగో చూడాలి. రెండింటికీ తిరగకపోతే ముందు ఫ్యూజు, రిలే, ఆ తర్వాతే మోటార్. రిలే వందల్లో అయిపోతుంది, మోటార్ వేలల్లో. ఈ వరస తప్పి మోటార్ మార్పించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఊళ్లో బాగానే ఉండి హైవేలోనో, తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్లలోనో హీటెక్కుతోందా? అప్పుడు గాలి కాదు సమస్య, లోపల కూలెంట్ తిరగడం. రేడియేటర్ గొట్టాలు పాచి పట్టి మూసుకుపోయి ఉండవచ్చు, కూలెంట్‌ను తిప్పే వాటర్ పంప్ రెక్కలు అరిగి ఉండవచ్చు, ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు, అంటే థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటూ ఉండవచ్చు. రేడియేటర్ కింది పైపును కూడా చూడాలి. లోపలి స్ప్రింగ్ తుప్పుపట్టి పోతే, ఇంజన్ రేజ్ చేసినప్పుడు పంపు లాగే లాగుడుకు ఆ పైపు అణిగిపోయి దారి మూసుకుంటుంది. నిలబెట్టి చూస్తే బాగానే కనిపిస్తుంది కాబట్టి ఇది తొందరగా దొరకదు. ఒకరు ఎక్సలరేటర్ నొక్కుతుంటే మరొకరు చూడాలి.

స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే హీటెక్కుతోందా? రేడియేటర్ పై పైపు, కింది పైపు పోల్చి చూడండి. ఒకటి కాలిపోతూ మరొకటి చల్లగా ఉంటే కూలెంట్ అటు నుంచి ఇటు రావడం లేదు. థర్మోస్టాట్ మూసుకుని ఉండిపోయినప్పుడు ఇలా అవుతుంది. రేడియేటర్ బాగా పూడిపోయినా ఇలాగే ఉంటుంది.

ఇక అన్నిటికంటే టెన్షన్ పెట్టేది, ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోవడం. సైలెన్సర్‌లోంచి ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లటి పొగ, కూలెంట్ బాటిల్లో ఆగకుండా బుడగలు, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పైపు రాయిలా గట్టిపడటం, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారడం, ఇవన్నీ హెడ్ గాస్కెట్ వైపు చూపిస్తాయి. అయితే వర్షాకాలంలో రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండికి ఆయిల్ మూత అడుగున కాస్త తెల్లటి జిగట కనిపించడం మామూలే. అది ఇంజన్ లోపల చేరిన తేమ. డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే భయపడనక్కర్లేదు. క్యాబిన్‌లో తీపి వాసన, ముందు సీటు కింద కార్పెట్ తడి ఉంటే మాత్రం హీటర్ కాయిల్ కారుతోంది.

పరీక్ష చేయించాలా, అనుమానమున్న పార్టు మార్చి చూడాలా?

పరీక్షే చేయించాలి. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. రేడియేటర్ మూతి దగ్గర చేతిపంపు బిగించి, చల్లటి ఇంజన్‌లో క్యాప్ మీద రాసి ఉన్నంత ఒత్తిడి ఎక్కించి వదిలేస్తారు. పంపు మీటర్ ముల్లు నిలబడితే లీకు లేదు. దిగుతుంటే ఎక్కడ తడి వస్తోందో కళ్లతో చూడొచ్చు. గాస్కెట్ అనుమానం ఉంటే ఇంకో పరికరం ఉంది. రేడియేటర్‌లోంచి వచ్చే గాలిని నీలం రంగు ద్రవంలోంచి పంపిస్తారు. పెట్రోల్ ఇంజన్ పొగ అందులో కలిసి ఉంటే ఆ ద్రవం పసుపు రంగుకు మారుతుంది. ఈ రెండూ పెద్ద సమయం తీసుకోవు. హెడ్డు దించాలని ఎవరన్నా చెబితే, ఈ రెండో పరీక్ష కళ్లముందు చేసి చూపించమని అడగండి. ఆ పరికరం లేని షెడ్డులో హెడ్డు దించే పని ఒప్పుకోవడం కంటే, ఉన్నచోటికి బండిని టో చేయించుకుపోవడం మేలు.

నీళ్లా, కూలెంటా?

"మన దగ్గర మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు, నీళ్లు చాలు" అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. వేడిని మోసుకుపోవడంలో ఉత్త నీళ్లే మెరుగన్న మాట నిజం. కానీ కూలెంట్‌తో అవసరం మంచు కోసం మాత్రమే కాదు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్‌ను, నీళ్లను సగం సగం కలిపితే మామూలు గాలి ఒత్తిడిలోనే 107 డిగ్రీల దాకా మరగదు. ఒక బార్ క్యాప్ ఉంటే దాదాపు 129 దాకా తట్టుకుంటుంది. అదే క్యాప్‌తో ఉత్త నీళ్లు 120 దగ్గరే మరిగిపోతాయి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో నిలబడిన బండికి ఈ తేడా చాలా విలువైనది.

ఇంకా పెద్ద కారణం తుప్పు, పాచి. మన రెండు రాష్ట్రాల్లో చాలా ఊళ్ల బోరు నీళ్లను గిన్నెలో కాచితే అడుగున తెల్లటి పొర కడుతుంది. అదే పొర రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ, ఇంజన్ లోపలా కడుతుంది. కూలెంట్‌లో తుప్పును అడ్డుకునే రసాయనాలుంటాయి, ఉత్త నీళ్లలో ఉండవు. అల్యూమినియం హెడ్డు, ఇనుప బోల్టులు, ఇత్తడి సెన్సర్లు కలిసి ఉన్నచోట ఆ రక్షణ లేకపోతే లోహం తినేసుకుపోతుంది.

ఇక కూలెంట్ కొనేటప్పుడు రెండు రకాలు కనిపిస్తాయి. రెడీ మిక్స్ అంటే అప్పటికే నీళ్లు కలిపినది, నేరుగా పోయాలి. కాన్‌సెంట్రేట్‌కు నీళ్లు మనం కలపాలి, ఎంతన్నది డబ్బా మీదే రాసి ఉంటుంది. చేతిలో డిస్టిల్డ్ వాటర్ ఉంటే కాన్‌సెంట్రేట్ చవకగా పడుతుంది. కానీ షెడ్డులో పోయించుకునేవాళ్లకు నేను రెడీ మిక్సే తీసుకోమంటాను. కాన్‌సెంట్రేట్ ఇస్తే అక్కడి కుళాయి నీళ్లే కలుపుతారు, డబ్బు పెట్టి కొన్నదానికి ఫలితం పోతుంది.

రంగు చూసి కలపొద్దు. రంగుకు అందరూ పాటించే నియమమేమీ లేదు, ఒక కంపెనీ ఆకుపచ్చ కూలెంట్ మరో కంపెనీ ఆకుపచ్చది ఒకటే అనుకోవడానికి లేదు. సరిపడని రెండు రకాలు కలిస్తే కొన్నిసార్లు జిగటగా పేరుకుంటాయి. బండి పుస్తకంలో ఏ రకం రాసి ఉందో అదే పోయండి, లేదంటే పాతది మొత్తం దించి, కడిగి, కొత్తది నింపండి. పాత రకం కూలెంట్ సాధారణంగా రెండేళ్లకు, ఆర్గానిక్ యాసిడ్ రకం ఐదేళ్లకు మార్చాల్సి ఉంటుంది. దారిలో చిక్కుకున్నప్పుడు తాగే నీళ్ల సీసా పోసినా తప్పులేదు, ఇల్లు చేరాక దించేయాలి, అంతే. దించిన పాత కూలెంట్‌ను మట్టిలో, కాలువలో పారబోయకండి. అది విషం, పైగా తియ్యగా ఉంటుంది. కుక్కలు, పిల్లులు నాకి చచ్చిపోతాయి.

థర్మోస్టాట్: తీసేయాలా, మార్చాలా?

మన ఎండలకు థర్మోస్టాట్ అక్కర్లేదని, తీసి పారేస్తే బండి చల్లగా ఉంటుందని చాలా షెడ్లలో నమ్మకంగా చెబుతారు. ఈ సలహా ఎవరిచ్చినా ఒప్పుకోవద్దు. థర్మోస్టాట్ లోపల మైనం ఉంటుంది. చాలా ఇంజన్లలో 82 నుంచి 88 డిగ్రీల మధ్య అది కరిగి వ్యాకోచించి వాల్వును తెరుస్తుంది. అప్పటిదాకా ఇంజన్‌ను తొందరగా వేడెక్కనిస్తుంది, ఎందుకంటే చల్లటి ఇంజన్ ఎక్కువ పెట్రోల్ తాగుతుంది, తొందరగా అరుగుతుంది. తీసేస్తే మైలేజీ పడిపోతుంది, ఆయిల్‌లో తేమ ఆవిరి కాకుండా మడ్డి చేరుతుంది, చెక్ ఇంజన్ దీపం వెలగొచ్చు. పైగా కొన్ని ఇంజన్లలో ఇదే వాల్వు, వేడెక్కాక బైపాస్ దారిని కూడా మూస్తుంది. అది లేకపోతే కూలెంట్‌లో కొంత రేడియేటర్‌కు వెళ్లకుండానే తిరుగుతూ ఉంటుంది. చల్లబరుస్తుందనుకుని చేసిన పని ఘాట్లో ఇంకా హీటెక్కిస్తుంది.

కొత్తది పెద్ద ఖరీదేమీ కాదు. తీసినదాన్ని వేడినీళ్లలో వేసి, తెరుచుకుంటుందో లేదో కళ్లముందు చూపించమని అడగండి. కొత్తది కొనేటప్పుడు మీ ఇంజన్‌కు చెప్పిన డిగ్రీలే దాని మీద ఉన్నాయో లేదో చూడండి. పని పూర్తయ్యాక లోపలి గాలి పూర్తిగా తీయించాలి. గాలి బుడగ ఉండిపోతే కొత్త థర్మోస్టాట్ కూడా పాతదానిలాగే బండిని హీటెక్కిస్తుంది, నింద కొత్త పార్టు మీద పడుతుంది.

రేడియేటర్: కడిగించాలా, బాగుచేయించాలా, కొత్తది వేయాలా?

ముందు బయట చూడండి. ఏసీ కండెన్సర్‌కు (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీకి), రేడియేటర్‌కు మధ్య సందులో దుమ్ము, పురుగులు, వరి కోతల రోజుల్లో ఊళ్ల మీదుగా తిరిగే బళ్లకైతే పొట్టు, గడ్డి కూరుకుపోయి ఉంటాయి. ముందునుంచి చూస్తే కనిపించవు. ఇంజన్ వైపు నుంచి మెల్లటి నీటిధారతో కడిగితే పోతుంది. వాషింగ్ సెంటర్ ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే సన్నటి రేకులు వంగిపోయి గాలి దారి ఇంకా మూసుకుంటుంది.

పాత అంబాసిడర్, పాత జీపుల రేడియేటర్లు రాగి, ఇత్తడితో చేసినవి. వాటిని విప్పి గొట్టాల్లో చువ్వ దూర్చి శుభ్రం చేయడం, కారేచోట టంకం పెట్టడం మంచి పనే, ఇప్పటికీ చేసే మేస్త్రీలు ఉన్నారు. ఇప్పటి రేడియేటర్ మధ్యలో అల్యూమినియం కోర్, రెండు వైపులా ప్లాస్టిక్ ట్యాంకులు. ఏళ్ల తరబడి వేడికి ప్లాస్టిక్ పెళుసెక్కి నెర్రెలు తీస్తుంది. దాని మీద ఎం సీల్ పూసో, అరాల్డైట్ పెట్టో ఇస్తే ఇంటికి చేరడానికి పనికొస్తుంది, అంతకు మించి నమ్మొద్దు. ట్యాంకు ఒక్కటే పగిలి, కోర్ బాగుంటే కొత్త ట్యాంకు, కొత్త రబ్బరు సీలు వేసి బిగించేవాళ్లు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల దొరుకుతారు. బండి ఏడెనిమిదేళ్లలోపుది అయితే, బిగించాక ఒత్తిడి పరీక్ష చేసి ఇస్తే ఆ పని చేయించుకోవచ్చు. కోర్ కారుతున్నా, లోపల పూడిపోయినా రేడియేటర్ మార్చడమే నయం.

కంపెనీ పార్టా, బయటి పార్టా అంటే, రేడియేటర్ విషయంలో పేరున్న బయటి బ్రాండు తీసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కార్ల కంపెనీలకు సరఫరా చేసే సంస్థలే బయట సొంత పేరుతో కూడా అమ్ముతుంటాయి. పేరు లేని పెట్టెలో వచ్చే చవక రేడియేటర్ వద్దు, చాలాసార్లు కోర్ మందం తక్కువ ఉంటుంది. క్యాప్, థర్మోస్టాట్, హెడ్ గాస్కెట్ మాత్రం కంపెనీవే తీసుకోండి. వాటిలో మిగిలే డబ్బు తక్కువ, పోతే జరిగే నష్టం ఎక్కువ. పాత రేడియేటర్ మార్చినప్పుడు పైపులు, క్లిప్పులు కూడా మార్పించేయండి.

లీకు ఆపుతుందని రేడియేటర్‌లో పోసే పొడులు, ద్రవాలు నేను ఎవరికీ చెప్పను. పగులును మూసే పదార్థమే హీటర్ సన్నటి గొట్టాల్లోనూ చేరుతుంది. ఆ తర్వాత అసలు రిపేరు చేసేవాళ్లకు పని రెట్టింపవుతుంది.

వాటర్ పంప్, మెకానిక్‌లు వాటర్ బాడీ అంటుంటారే, అది ఇరుసు దగ్గర చిన్న రంధ్రంలోంచి కారుతుంటే సీలు పోయినట్టు. రిపేరు కిట్టు కంటే పంప్ మొత్తం మార్చడం మంచిది. మీ ఇంజన్‌లో పంపును టైమింగ్ బెల్టు తిప్పుతుంటే, బెల్టు మార్చేటప్పుడే పంపు కూడా మార్పించండి. విప్పే కూలీ ఒకటే.

హెడ్ గాస్కెట్ పోతే

ఇక్కడే అసలు పెద్ద నిర్ణయం. హెడ్డు దించి, ఫేసింగ్ చేయించి (అంటే దాని అడుగు ముఖాన్ని చదును చేయించి), కొత్త గాస్కెట్ వేసి బిగించడం ఒక దారి. ఇంజన్ మార్చడం ఇంకో దారి. ఉన్నది ఉన్నట్టు చెప్పి బండి అమ్మేయడం మూడోది.

ఒకటి రెండుసార్లు హీటెక్కి, వెంటనే ఆపేసిన బండికి మొదటి దారి సరిపోతుంది. కానీ గాస్కెట్ మార్చి ఊరుకుంటే కొన్ని నెలలకే మళ్లీ పోతుంది. హెడ్డును లేత్ వర్క్స్‌కు పంపి వంపు కొలవాలి, పగుళ్లున్నాయేమో ఒత్తిడి పెట్టి చూడాలి, ఆ తర్వాతే ఫేసింగ్. బ్లాక్ పైభాగం కూడా సమంగా ఉందో లేదో అక్కడే చూడాలి. చాలా ఇంజన్లలో హెడ్ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగేవి, వాటిని మళ్లీ వాడకూడదు. బిగుతు కొలిచి బిగించే టార్క్ రెంచ్‌తో, కంపెనీ చెప్పిన వరసలో బిగించాలి. ఇవన్నీ చేస్తారా అని పని మొదలుపెట్టకముందే అడగండి, బిల్లులో రాయించండి. అసలు హీటెక్కడానికి మూలమైన తేడా ఏదో కూడా దొరికి ఉండాలి. రేడియేటర్ పూడిపోయిన బండికి కొత్త గాస్కెట్ వేసి పంపితే అదీ పోతుంది.

ఇంజన్ ఆగిపోయేదాకా నడిపారా? పిస్టన్లు గీసుకుపోయి, ఆయిల్ తాగడం మొదలైందా? అప్పుడు హెడ్డు మీద పెట్టే డబ్బు దండగ. సిలిండర్లలో ఒత్తిడి, అంటే కంప్రెషన్ కొలిపించి, సిలిండర్లు చూపించుకుని నిర్ణయించుకోండి. పాత ఇంజన్ వేయించుకునేట్టయితే దాని కాగితాలు, ఎక్కడినుంచి వచ్చిందో రుజువు తీసుకోవాలి. ఇంజన్ నంబర్ మారుతుంది కాబట్టి ఆర్టీఏలో చెప్పి ఆర్‌సీలో మార్పించాలి. లేకపోతే అమ్మేటప్పుడూ, క్లెయిమ్ వేసేటప్పుడూ ఇబ్బంది తప్పదు. అన్నట్టు, హీటెక్కి పోయిన ఇంజన్‌కు మామూలు ఇన్సూరెన్స్ డబ్బివ్వదు, మెకానికల్ బ్రేక్‌డౌన్ అందులో చేరదు.

వారంటీ ఉన్న బండయితే ఆలోచించకుండా కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లండి. వారంటీ దాటినదానికి ఫ్యాన్, రేడియేటర్, పైపుల పనులు మంచి లోకల్ షెడ్డులో చేయించుకోవచ్చు, పాత పార్టును అడిగి తీసుకోవాలి. హెడ్డు పనికి మాత్రం షెడ్డు పేరు కంటే, వాళ్లు ఏ లేత్ వర్క్స్‌కు పంపుతారో, టార్క్ రెంచ్ ఉందో లేదో ముఖ్యం.

పని ఏదైనా, బండి తీసుకునే ముందు ఏసీ వేసి షెడ్డు ముందే పావుగంట ఐడిల్‌లో నిలబెట్టి, ఫ్యాన్ వచ్చి ఆగడం రెండుసార్లైనా చూడండి. మర్నాడు పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ బాటిల్లో మట్టం కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఎక్కడుందో సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. లోపల మిగిలిన గాలి బయటికి రావడం వల్ల మొదట కొంచెం దిగొచ్చు, ఒకసారి నింపితే అక్కడే నిలవాలి. వారంపాటు రోజూ పొద్దున చూసినా దిగుతూనే ఉంటే బండిని దూరప్రయాణానికి తీయకుండా నేరుగా ఆ షెడ్డుకే, ఆ ఫొటోలతో సహా తీసుకెళ్లండి.